మా అత్తయ్యకి దయ్యం పట్టలేదు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఊళ్ళో పిల్లలు సమాధుల తోట పక్క దారిలో నడవడానికి జడుసుకుంటుంటే, మా నాన్న నన్ను చెయ్యి పట్టుకుని ఆ దారినే ఆదివారం ఆరాధనకి తీసుకెళ్ళేవారు. పోయినవాళ్ళు ప్రభువు చేతిలో ఉంటారు, మన గుమ్మాల్లో తచ్చాడరు అని చెప్పేవారు. నేను ఆ మాట మీద పెరిగాను. ఇవాళ్టికీ నేను నమ్మేది అదే.

ముందే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే దాంట్లో నాకే అంతుపట్టనిది ఒకటుంది. దాన్ని దాచను. కానీ దాన్ని చూపించి ఎవరైనా నన్ను దయ్యం కథలు చెప్పేవాళ్ళలో కలిపేస్తే ఊరుకోను. ఇప్పటికే ఒకళ్ళు దాన్ని దయ్యం కథ చేసి చెప్పుకుంటున్నారు.

కిందటి నెల ఒక పెళ్ళికి తెలిసినవాళ్ళ కార్లో షికాగో వెళ్తున్నాం. దారిలో వాళ్ళు ఒక క్యాసెట్ పెట్టారు. అందులో ఎవరో సాక్ష్యం చెబుతున్నారు. సాక్ష్యమంటే మా సంఘాల్లో, దేవుడు చేసిన మేలుని నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం. డిట్రాయిట్ దగ్గర ఒక ఇంట్లో మంత్రాలు తెలిసిన ముసలమ్మ ఉండేదట. దయ్యం పట్టి కన్నకొడుకుల్నే గుర్తుపట్టలేని స్థితికి వచ్చిందట. మంచం కింద చేతబడి మూటలు దొరికాయట. ప్రార్థన చేస్తుండగా దయ్యం ఆమెని గదిలోంచే మాయం చేసి, చివరికి ఓడిపోయి వదిలేసిందట. కార్లో అందరూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు. ఆ ఇల్లు మాది. ఆ ముసలమ్మ మా అత్తయ్య.

గ్యాస్ స్టేషన్ దగ్గర కారు ఆపమని దిగి, చలిలో కాసేపు అలాగే నిలబడ్డాను. అత్తయ్య పోయి రెండేళ్ళు. తన మీద పడ్డ నిందకి ఆమె జవాబు చెప్పుకోలేదు. నేను చెబుతాను.

మా వారు కార్ల కంపెనీలో ఇంజనీరు. డెబ్బైల చివర్లో డిట్రాయిట్ పక్కనే ట్రాయ్‌లో ఇల్లు కొనుక్కున్నాం. మామయ్య పోయాక అత్తయ్యని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆమె పల్లెపల్లెకీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన సువార్తికురాలు. తెల్లచీర, గొడుగు, భుజాన సంచీ, అంతే ఆస్తి. నడిచి నడిచి పాదాలు బీటలు వారి ఉండేవి. మా పక్కింటి తెల్లామె వాటిని చూసి పుండ్లనుకుని ఆయింట్‌మెంట్ తెచ్చిచ్చింది. అత్తయ్య నవ్వి, "పుండ్లు కావని చెప్పు సుగుణా, ఇవి నా సర్టిఫికెట్లు" అంది. అలాంటి మనిషిని మంత్రగత్తె అన్నారు.

జబ్బు నెమ్మదిగా వచ్చింది. ముందు పాడుకునే కీర్తనల్లో చరణాలు తారుమారయ్యాయి. తర్వాత పొయ్యి మీద పాలు మరిచిపోయింది. తర్వాత వీధి చివరికి వెళ్ళి ఇంటికి దారి మరిచిపోయింది. ఒకరోజు మా వారిని చూసి, "ఈయనెవరు? మగవాళ్ళని హాస్టల్లోకి ఎవరు రానిచ్చారు?" అని కేకలేసింది. అప్పటికి ఆమె మనసులో తాను చిన్నపిల్ల. మిషన్ బోర్డింగ్ స్కూల్లో చదువుకుంటోంది. నేను ఆ హాస్టలు మేట్రన్ని.

"మేట్రన్ గారూ, ఈ ఆదివారం మా నాన్న వస్తాడా?" అని రోజూ అడిగేది. సుగుణ అనే నా పేరు ఆమె నోట విని ఏడాది దాటిపోయింది.

మొదటి డాక్టరు ముసలితనం అని తేల్చేశాడు. రెండో ఆయన నరాల డాక్టరు. తలకి స్కాన్ తీయించి ఆల్జైమర్స్ అన్నాడు. అప్పట్లో ఆ పేరు మాకే కాదు, చాలామంది నర్సులకీ కొత్తే. "దీనికి మందు లేదమ్మా, మీరే మందు" అన్నాడు. మాట బాగానే ఉంది. కానీ మందుకి నిద్ర అక్కర్లేదు. నాకు కావాలి.

స్నానం చేయించడం, బట్టలు మార్చడం, బయటికి వెళ్ళిపోకుండా వీధి తలుపుకి పైన ఎత్తులో గడియ బిగించడం, స్టవ్ నాబ్‌లు పీకి డ్రాయర్లో పెట్టడం, ఇదీ నా బతుకు. అన్నిటికంటే కష్టం తిండి. ముద్ద నోట్లో పెడితే నమలాలని మరిచిపోయేది. కొన్నాళ్ళకి చేత్తో తినడమే మానేసింది. ఆమెకి షుగరు కూడా. మాత్ర వేశాక తినకపోతే ఒళ్ళంతా చెమటలు పట్టి వాలిపోయేది. అందుకని గంటసేపు పక్కన కూర్చుని, బతిమాలి, పాటలు పాడి తినిపించేదాన్ని.

ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో, ఇలాంటి రోగుల్ని చూసుకునే ఇంటివాళ్ళ కోసం ఒక నర్సు మీటింగ్ పెట్టేది. డాక్టరు చెబితే వెళ్ళాను. వాదించకండి, ఆమె ఎక్కడుంటే అక్కడికి మీరే వెళ్ళండి అని ఆవిడ నేర్పింది. అంటే మేట్రన్నని ఒప్పుకోవాలా, అది అబద్ధం కాదా అని అడిగాను. "మీ నాన్న చచ్చిపోయాడని ఒక చిన్నపిల్లకి రోజూ కొత్తగా చెబుతావా?" అని ఎదురడిగింది. ఆ రోజు నుంచి మేట్రన్నయ్యాను. నాన్న వచ్చే ఆదివారం వస్తారని చెబితే హాయిగా పడుకునేది.

ఇక మా తెలుగు సంఘం. నెలకోసారి అద్దె హాల్లో కూడుకునేవాళ్ళం. పెళ్ళైతే, బాప్తిస్మమైతే, కొత్త కారు కొంటే అందరూ వచ్చేవాళ్ళు. నా ఇంటికి ఒక్క గంట వచ్చి కూర్చోండి, కూరగాయలు తెచ్చుకుంటాను అని అడిగితే, "తప్పకుండా ప్రేయర్‌లో పెడతాం సుగుణగారూ" అనేవాళ్ళు. ప్రార్థనని నేను చిన్నచూపు చూడను. ప్రార్థనే నన్ను నిలబెట్టింది. కానీ ఆకలేసినవాడికి ప్రార్థన చేసి పంపేయమని నాకు ఏ వాక్యంలోనూ కనబడలేదు. చివరికి బుధవారం బుధవారం వచ్చి కూర్చున్నది ఊళ్ళో మాకు తెలిసిన పద్మగారు. ఆవిడ మా సంఘం కాదు, క్రైస్తవురాలే కాదు. పూజ ముగించుకుని, బొట్టుతో వచ్చి, మా అత్తయ్య జడ వేసి వెళ్ళేది.

సంఘంలో ఇంకో మాట కూడా మొదలైంది. అంత సేవ చేసినామెకి ఇలా ఎందుకవుతుంది, లోపల ఏదో దాచిన పాపం ఉండి ఉంటుంది అని. జలుబు చేస్తే పాపం కాదు, గుండెకి ఆపరేషన్ అయితే పాపం కాదు, మెదడుకి జబ్బు చేస్తే మాత్రం పాపం!

ఇప్పుడు ఆ మూటల సంగతి చెప్పాలి.

మా ప్రాంతంలో క్రైస్తవుల ఇళ్ళలో పిడికెడు బియ్యం అని ఒక ఆచారం ఉంది. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. అది దేవుడి వంతు. ఆదివారం నాడు అన్ని ఇళ్ళ పిడికెళ్ళూ ఒకచోట పోస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేని కూలి ఆడవాళ్ళు కూడా ఇవ్వగలిగిన కానుక అది. మా ఊరి ఆరాధన మందిరం గోడలు ఆ బియ్యంతోనే లేచాయి.

అత్తయ్య అమెరికాలో కూడా అది మానలేదు. కాఫీ డబ్బా ఒకటి దానికోసమే పెట్టుకుంది. జబ్బు ముదిరాక డబ్బా మరిచిపోయింది గానీ పిడికెడు మరిచిపోలేదు. నేను చూడనప్పుడు బస్తాలోంచి గుప్పెడు తీసుకెళ్ళి, పాత చీర చింపి, మూట కట్టి ఎక్కడో అక్కడ దాచేది. దిండు గలీబులో, బూట్లలో, మంచం కింద. కొడుకుల పేర్లు పోయాయి, భర్త పోయిన సంగతి పోయింది, దేవుడి వంతు తీయడం మాత్రం చేతికి గుర్తుండిపోయింది. వాక్యూమ్ చేస్తూ ఆ మూటలు దొరికినప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చేవి.

సంఘంలో ప్రార్థనలు నడిపించే ఒకాయన ఉండేవాడు. అందరూ బ్రదర్ గారు అనేవాళ్ళు. పేరు రాయను. క్యాసెట్లో గొంతు ఆయనదే. ఒక ఆదివారం సాయంత్రం భార్యతో వచ్చాడు. ఒహాయో నుంచి మా మరిది ప్రభాకర్ కూడా ఆ రోజు వచ్చి ఉన్నాడు. బ్రదర్ గారి భార్య అత్తయ్య మంచం మీద కూర్చోబోయి, దిండు కింద చెయ్యి పెట్టి, పాము కరిచినట్టు అరిచింది. "ముడులు! బియ్యం ముడులు! ఇది చిల్లంగి!"

పరుపెత్తితే ఇంకా దొరికాయి. నేను చెప్పాను. పిడికెడు బియ్యమండీ, మీ నాయనమ్మని అడగండి అని చెప్పాను. ఆమె పట్నంలో పుట్టి, కాన్వెంట్లో చదివి, పెళ్ళిచేసుకుని ఇక్కడికొచ్చిన మనిషి. "కానుకైతే ముడులేసి దిండు కింద ఎందుకు పెడతారు?" అంది. బ్రదర్ గారు ఆ మూటల్ని గుడ్డతో పట్టుకుని మా పెరట్లో తగలబెట్టాడు. దేవుడి వంతుని, దేవుడి పేరు మీద. అత్తయ్య కిటికీలోంచి చూస్తూ, "మేట్రన్ గారూ, ఎందుకు కాలుస్తున్నారు?" అని అడిగింది.

ఇక్కడొక మాట. వాక్యంలో దయ్యాల సంగతి ఉంది, నేను కాదనను. కానీ ప్రతి రోగాన్నీ అదే అనమని ఎవరు చెప్పారు? జ్వరం వస్తే టైలనాల్ వేసుకుంటారు కదా వీళ్ళు?

ఆ వారమంతా ఫోన్లు. మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాలట. దయ్యం లొంగాలంటే అత్తయ్య కూడా ఉపవాసం ఉండాలట.

"వదినా, నువ్వు పర్సనల్‌గా తీసుకోకు. అమ్మ బాగుపడాలనే కదా" అన్నాడు ప్రభాకర్.

"మాత్ర వేసి తిండి ఆపితే పడిపోతుందయ్యా. కళ్ళారా చూశాను."

"మాత్రలు కూడా ఆపేద్దాం."

"మంచినీళ్ళో?"

"బ్రదర్ గారు నీళ్ళు కూడా వద్దన్నారు. మూడు రోజులేగా వదినా."

"అయితే ముందు నువ్వుండు మూడు రోజులు నీళ్ళు లేకుండా. నేను ప్రేయర్‌లో పెడతాను."

నేను ఒప్పుకోకపోతే తల్లిని ఒహాయో తీసుకెళ్ళి, అక్కడ ఏదో ప్రార్థన క్యాంపులో దింపుతానన్నాడు. ఆమె అతనికీ తల్లే. కాదనే హక్కు నాకేముంది? మా వారు మెతక మనిషి. "మనింట్లోనే అయితే నువ్వు కళ్ళ ముందు ఉంటావు కదా సుగుణా. ఒక్క రోజు చూద్దాం" అన్నారు. అని, శనివారం ప్లాంటులో పనుందని వెళ్ళిపోయారు.

శుక్రవారం రాత్రి తిన్నాక అత్తయ్యకి ఇంక తిండి లేదు. శనివారం పొద్దున్నే నలుగురు వచ్చేశారు. బ్రదర్ గారు, ఆయన భార్య, ప్రభాకర్, సుశీల అనే చిన్నమ్మాయి. సుశీల కొత్తగా పెళ్ళై వచ్చింది, మాట్లాడ్డానికే భయపడేది. వాళ్ళు రాకముందే తలకి కొబ్బరినూనె రాసి అత్తయ్యకి ముడి వేశాను. ఓట్‌మీల్ జావ కాచి గది దగ్గరికి తీసుకెళ్తే, బ్రదర్ గారి భార్య గుమ్మంలోనే గిన్నె నా చేతిలోంచి తీసేసుకుంది. "మీ అపనమ్మకమే అడ్డం సిస్టర్, మీరు బయటుండండి" అంది. ఆమె భుజం మీదుగా అత్తయ్య ఆ గిన్నె వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆ గది నడవా చివర, వంటగదిలోంచి కనబడేలా ఉంది. ఒకటే తలుపు, లోపలికి తెరుచుకుంటుంది. అత్తయ్య లోపల గడియ పెట్టేసుకుంటుందని గడియ ఎప్పుడో తీసేశాం. అందుకని ప్రభాకర్ తలుపుకి కుర్చీ చేరేసి, వీపు ఆనించి కూర్చున్నాడు. భారీ మనిషి. కిటికీకి చలికాలం కోసం రెండో అద్దం బిగించి ఉంది, తెరుచుకోదు. ఇవి నేను తర్వాత ఒకటికి పదిసార్లు చూసుకున్న సంగతులు.

లోపల కేకలు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాకా ఆగలేదు. మధ్యమధ్య అత్తయ్య ఏడుపు వినిపించేది. "మేట్రన్ గారూ, నేనేం చెయ్యలేదు" అని. తలుపు తోశాను, కదల్లేదు. నర్సుకి ఫోన్ చేశాను. అది ప్రార్థన కాదు, పోలీసుల్ని పిలువు అంది.

సొంత సంఘం మీదికి పోలీసుల్ని పిలవడం! అన్నం పొయ్యి మీద పడేశాను. ఉడికేలోపు తలుపు తెరిస్తే సరే, లేకపోతే ఎవరేమనుకున్నా ఫోన్ చేసేస్తాను అనుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడి ప్రార్థించాను. ప్రభువా, ఆమెకి ఆకలేస్తోంది. అదొక్కటే.

అన్నం ఉడికింది. సింకు వైపు తిరిగి గంజి వార్చాను. గిన్నెలో అన్నం పెట్టి, పెరుగు కలిపి, ఫోన్ కోసం ఇటు తిరిగాను.

అత్తయ్య బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని ఉంది.

నాకు ఆ క్షణంలో వింతేమీ అనిపించలేదు. ఇది నిజం. వాళ్ళు వదిలిపెట్టారనుకున్నాను. గదిలో కేకలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ఇల్లు శుద్ధి చేస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఆమె ముడి ఒక పక్కకి జారి ఉంది. శాలువా లేదు. నేను గబగబా గిన్నె ముందు పెట్టి, ముద్ద చేసి నోటికి అందించబోయాను.

ఆమె నా చెయ్యి పక్కకి తోసి, తనే గిన్నెలో చెయ్యి పెట్టింది.

"పెరుగన్నమేనా సుగుణా? నంజుకోడానికేమీ లేదా?"

నిమ్మకాయ ఊరగాయ తీసి వేశాను. ఎంత వేశానో కూడా చూడలేదు. ఆమె శుభ్రంగా, మునుపటిలా, నాలుగు వేళ్ళతో కలుపుకుని తింటోంది. తింటూ నా మొహంలోకి చూసింది.

"కళ్ళ కింద అంత నల్లగా ఉందేమిటి? పడుకోవడం లేదా?"

"లేదత్తయ్యా."

"వాడు లేవడా రాత్రుళ్ళు?"

"ఆయనకి ఉద్యోగం కదా అత్తయ్యా."

"ఉద్యోగమైతే? నువ్వు చేసేది ఉద్యోగం కాదా?"

ఆ మాట నాతో ఎవరూ అనలేదు. డాక్టరు అనలేదు, సంఘం అనలేదు, మా వారు అనలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. లోపల బ్రదర్ గారి గొంతు ఆకాశానికి లేచింది. "పో! వదిలి పో! ఈ ఇల్లు విడిచి పో!" అత్తయ్య ముద్ద ఆపి చెవి అటు పెట్టింది.

"ఎవర్నమ్మా పాపం అంతలా తరుముతున్నారు?"

ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. రెండోసారి అన్నం వడ్డించాను. అదీ తినింది. ఆ రెండో గిన్నె అయిపోవస్తుండగా గదిలో ఆడపిల్ల కేక, దభీమని ఏదో పడ్డ చప్పుడు. తర్వాత ప్రభాకర్ కుర్చీని నేల మీద ఈడుస్తున్న చప్పుడు. తలుపు అప్పుడు తెరుచుకుంది. నేను చూస్తుండగా.

ముందు ప్రభాకర్ వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. వెనక బ్రదర్ గారు, చేతిలో అత్తయ్య శాలువా. వంటగది గుమ్మంలో ఆగిపోయారు. ప్రభాకర్ తల్లిని చూశాడు, నన్ను చూశాడు, "వదినా, అమ్మ ఇక్కడికి ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"రెండు గిన్నెల అన్నం తినింది ప్రభాకర్. నువ్వే కదా తలుపు తీసి పంపావు?"

అతను అడ్డంగా తలూపాడు.

అత్తయ్య కొడుకుని ఎగాదిగా చూసింది. గుర్తు పట్టలేదు. "ఎవరీ అబ్బాయి? మొహం పీక్కుపోయి ఉంది. ముందు అన్నం పెట్టమ్మా" అంది.

నేను కంచం పెట్టాను. "ప్రభాకర్, ముట్టుకోకండి, ఇంకా రెండు రోజులుంది, ఉపవాసం భంగమైతే మళ్ళీ పడుతుంది" అన్నాడు బ్రదర్ గారు. ప్రభాకర్ ఆయన వైపు చూడనైనా లేదు. తల్లి ఎదురుగా కూర్చుని, కన్నీళ్ళు కంచంలో పడుతుంటే తిన్నాడు. ఇంకాస్త వేసుకో అని ఆమె కసిరింది. ఉపవాసం అక్కడితో సరి. నేను మాత్ర తెచ్చి, నీళ్ళిచ్చి మింగించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

బ్రదర్ గారు తేరుకుని, "స్తోత్రం! దయ్యం వదిలింది!" అన్నాడు.

"వదిలితే కొడుకుని ఎవరని ఎందుకడిగిందండీ?" అన్నాను. నేనే వాళ్ళ కోట్లు తెచ్చి చేతికిచ్చాను.

దీపాలు పెట్టే వేళకి అత్తయ్య మళ్ళీ చిన్నపిల్ల అయిపోయింది. "మేట్రన్ గారూ, నాన్న వస్తాడా?" అంది. జబ్బు ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత ఇంకో రెండు చలికాలాలు బతికింది. నా పేరు మళ్ళీ పలకలేదు. కానీ ప్రభాకర్ ఇక ఆమెని ఎక్కడికీ తీసుకెళ్తాననలేదు. నెలకో వారాంతం వచ్చి, రాత్రంతా తనే మేలుకుని, నన్ను పడుకోమనేవాడు. మా వారితో మాత్రం నేను గట్టిగానే మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇక్కడ అక్కర్లేదు. ఆయన కూడా రాత్రుళ్ళు లేవడం నేర్చుకున్నారు.

నేను లెక్కలు తెలియని మనిషిని కాను. ఆలోచించాను. అందరూ కళ్ళు మూసుకుని గంటలకొద్దీ కేకలేస్తున్నారు. మాలో ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు. ప్రభాకర్ ఆవేశంలో లేచి నిలబడి ఉండొచ్చు, కుర్చీ జరిగి ఉండొచ్చు, ఆమె సందులోంచి జారి వచ్చేసి ఉండొచ్చు. ఇదే అడిగాను. "లేవలేదు వదినా. వాక్యం ఒట్టు పెట్టుకోవద్దంది కాబట్టి మామూలు మాటగానే చెబుతున్నా, లేవలేదంటే లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవాలనుకున్నా కూడా లేవలేకపోయాను" అన్నాడు. అయినా మనిషి పొరపడొచ్చు. అంతవరకూ నేను సర్దుకోగలను.

సర్దుకోలేనిది సుశీల చెప్పింది.

కొన్ని వారాల తర్వాత ఒక్కతే బస్సులో వచ్చింది. సంఘానికి తెలిస్తే తిడతారని భయపడుతూనే వచ్చింది. ఒక గంట అత్తయ్య దగ్గర కూర్చుంటాను, మీరు పడుకోండి అక్కా అంది. పోయేముందు చెప్పింది. ఆ రోజు ఆమె అత్తయ్య వెనక నిలబడి, రెండు భుజాల మీదా చేతులు పెట్టింది. పొద్దుట్నుంచీ నిలబడి కాళ్ళు లాగుతుంటే, చివర్లో తన బరువంతా ఆ భుజాల మీదే ఆనించింది.

"సన్నటి ఎముకలక్కా, తెలుస్తూనే ఉన్నాయి. ఊపిరికి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ముసలావిడ మీద ఇంత బరువు వేస్తున్నానే అని బాధేసింది. బ్రదర్ గారు ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచాను. కుర్చీలో ఎవరూ లేరు. అప్పుడు పడ్డానక్కా. తెరిచాకే పడ్డాను."

గడ్డం కింద కుర్చీ అంచు తగిలిన గాటు చూపించింది. బ్రదర్ గారి చెయ్యి తల మీద, ఆయన భార్య చెయ్యి నుదుటి మీద ఉన్నాయట. ఆ తలకి రాసిన నూనె వాళ్ళ చేతులకి అంటుకునే ఉందట. నూనెకేముంది, మొదట్లోనే అంటి ఉండొచ్చు. కానీ ఆ పిల్ల ఆనిన బరువుని మోసిందెవరు? ఆ సమయంలో అత్తయ్య నా వంటగదిలో రెండోసారి అన్నం కలుపుకుంటోంది.

నా దగ్గరివాళ్ళు కొందరు దేవదూత అంటారు. నేను అనను. వాక్యం చెప్పని చోట నేను నోరు తెరవను. నర్సుకి చెబితే, ఇలాంటి రోగులకి ఒక్కోసారి కాసేపు తెలివి తేటపడుతుంది అంది. అది నేను నమ్ముతాను. కానీ అది మిగతాదానికి జవాబు కాదు. దయ్యం అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఆకలితో ఉన్న ముసలమ్మని కట్టడి చేసి అన్నం లాక్కున్నది మీరు. ఆ గదిలో దయ్యం పని ఏదైనా జరిగి ఉంటే అదే. మళ్ళీ సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ జావ గిన్నె సంగతి కూడా చెప్పండి. మీ సంఘంలో ఇలాంటి జబ్బుతో ఎవరైనా ఉంటే, వాళ్ళ ఇంటికెళ్ళి, ఆ ఇంటి మనిషిని కాసేపు పడుకోనివ్వండి. ప్రార్థన అక్కడ కూర్చునే చేసుకోవచ్చు.

ఇంతకు మించి నాకు తెలియదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ తలుపు దగ్గరే ఆగిపోతాను. ఆ ముగ్గురి చేతుల కింద ఆఖరిదాకా ఊపిరి తీస్తూ కూర్చున్నది ఎవరో నేను చెప్పలేను. నా బల్ల దగ్గర కూర్చుని, నన్ను పేరు పెట్టి పిలిచి, కడుపునిండా తిన్నది మాత్రం మా అత్తయ్య.